కరీం మాస్టర్ మెడలో టేపు

మండిబజారులో కరీం మాస్టర్ కుట్టుదుకాణం అరుగు మీద కూర్చుని పదమూడేళ్లు కాజాలు కుట్టాను నేను. ఆయన గురించి చెప్పమంటే ఊళ్లో ఎవరైనా ముందు ఆయన పనితనం మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆయన అనుమానం సంగతే ముందు చెప్తాను. ఆ అనుమానం పక్కన అన్నేళ్లు కూర్చుని సూది గుచ్చినదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది.

ఆయన పూర్తి పేరు అబ్దుల్ కరీం. పుట్టింది రఘునాథపల్లిలో. మీసాలు రాకముందే వరంగల్ వచ్చి, మండిబజారులోనే ఒక ముసలి దర్జీ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ ఉస్తాద్ పోయేటప్పుడు మిషన్ కొడుక్కిచ్చి, తన మెడలో టేపు మాత్రం తీసి కరీం మెడలో వేశాడట. మిషన్ ఎవడైనా కొనుక్కుంటాడు, కొలత మాత్రం నీకే ఇస్తున్నా అన్నాడట. ఇక చూడండి, ఆ టేపును ఈయన నెత్తిన పెట్టుకుని పూజించడం ఒక్కటే తక్కువ. మైనం పూసిన గుడ్డ టేపు అది. రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు. ఒక పక్క ఇంచులు, రెండో పక్క సెంటీమీటర్లు. నేను పనిలో చేరిన పందొమ్మిది వందల డెబ్భై ఒకటి నాటికే అంకెలు వెలిసిపోతుంటే నల్ల సిరాతో దిద్దుకుని వాడుతున్నాడు.

దాన్ని ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. ప్రతి శుక్రవారం నమాజుకు పోయే ముందు తడిగుడ్డతో తుడిచేవాడు. తర్వాత ఒక కొసను గోడమేకుకు తగిలించి, కింది కొసకు పెద్ద కత్తెర కట్టి వేలాడదీసేవాడు, ముడతలు పోయి తిన్నగా ఉండాలని. నమాజు చేసుకుని, ఇంట్లో అన్నం తిని వచ్చేదాకా ఆ టేపు కత్తెర బరువు మోస్తూ అలాగే ఉండేది. కొత్తలో నేనిదేదో మొక్కు అనుకుని అటు కాళ్లు చాపేదాన్ని కాదు.

ఇక అనుమానం. ఛాయ్ తెస్తే కప్పులో పాలు తక్కువ పోశారని అనుమానం. బొత్తాల డబ్బా తెరిస్తే ఎవరో ముందే తెరిచారని అనుమానం. దారం రీలు చేతిలో పట్టుకుని నా వైపు చూసేవాడు.

"మల్లక్కా, గీ రీలు పొద్దుగాల ఇంకింత లావుండె గదా?"

"ఉండె అన్నా. నేనేమన్న గాలితోటి కుడ్తానా కాజాలు?" అనేదాన్ని. ఒళ్లు మండిపోయేది నాకు. కుట్టిన కాజాలు లెక్కబెట్టి, దారం సరిపోయిందని తేలాకే మళ్లీ మిషన్ తొక్కేవాడు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆయన ఎవరినీ ఊరికే అనడు. కొలిచి అంటాడు. ఒకసారి కాదు, మూడుసార్లు కొలుస్తాడు.

"ఒక్కపారి కొలిస్తే చెయ్యి జారొచ్చు. రెండుపార్లు కొలిస్తే కన్ను మోసం చెయ్యొచ్చు. మూడుపార్లు ఒక్కతీరుగ వచ్చిందనుకో, ఇగ కాదనేటోడు ఉండడు," అనేవాడు. నాకూ అది సబబే అనిపించేది. ఎందుకంటే ఆయన కుట్టిన చొక్కా వేసుకుని బాగాలేదని పేరుపెట్టిన మగవాడిని నేను చూడలేదు. నెక్కొండ నుంచి రైలెక్కి వచ్చేవాళ్లు ఆయన దగ్గర ప్యాంట్లు కుట్టించుకోవడానికి.

జేపీఎన్ రోడ్డు పక్క సందులో సారంగపాణి బట్టలకొట్టు ఉండేది. సారంగపాణి, కరీం మాస్టర్ దోస్తులు. గిరాకీ ఎవరైనా బట్ట ఎక్కడ కొనాలని అడిగితే మాస్టర్ పాణి దగ్గరికి పంపేవాడు, కుట్టేదెవరంటే పాణి ఇక్కడికి పంపేవాడు. అలాంటి స్నేహం డెబ్భై అయిదులో ఒక్క సఫారీ గుడ్డతో తెగిపోయింది.

రాజేశ్వర్ రావు గారని కలెక్టరాఫీసు గుమాస్తా. పాణి కొట్లో మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల గుడ్డ కొని తెచ్చి సఫారీ కుట్టమని ఇచ్చాడు. దోస్తు కొట్టు గుడ్డని అప్పటిదాకా ఎన్నడూ కొలవని మాస్టర్, సఫారీకి చాలుతుందో లేదోనని బల్ల మీద పరిచి కొలిచాడు. మూడు మీటర్ల పన్నెండే వచ్చింది. మళ్లీ కొలిచాడు, పన్నెండు. నన్ను ఒక కొస పట్టుకోమని మూడోసారి కొలిచాడు, అదే పన్నెండు. ముఖం మాడిపోయింది ఆయనకు. గుడ్డ చంకలో పెట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు. నేను వెంట ఉరికాను.

"ఏంది పాణీ, దోస్తుకే టోపీ పెడ్తానవా? ఎనిమిది సెంటీలు తక్కువున్నది!"

సారంగపాణి మెత్తని మనిషి. గల్లా వెనక నుంచి లేచి నిలబడ్డాడు. "తక్కువుండుడేంది కరీం భాయ్? నా చేతితోటి కొలిచి చింపిన. ఇగో మీటరు కడ్డీ, ఇగో సర్కారు ముద్ర, చూడు."

"కడ్డీ కాదు, కడ్డీ పట్టుకున్న చెయ్యి చూడాలె. గుంజి కొలుస్తానవ్ గుడ్డను."

సందులో జనం మూగారు. ఆ రోజు నుంచి మాస్టర్ దోస్తుగా ఆ కొట్టు గడప తొక్కలేదు. వచ్చిన ప్రతి గిరాకీతో "పాణి దగ్గర కొనకుండ్రి, కొలత కొడ్తాండు" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాట బజారంతా పాకింది.

తర్వాత వేరే దుకాణం గుడ్డ కొలిచాడు. అదీ తక్కువే వచ్చింది. ఇంకో దుకాణం, మరో దుకాణం. ఎక్కడ కొన్నదైనా మీటరుకు రెండున్నర సెంటీమీటర్లు తక్కువ. నాకు వింతగా తోచింది.

"అన్నా, దొంగతనం జేసేటోళ్లయితే ఒకడు ఎక్కువ కొడ్తడు, ఒకడు తక్కువ కొడ్తడు. బజారుబజారంత ఒక్కటే కొలత కొట్టుడేంది?" అని అడిగాను.

ఆయన సూది నోట్లోంచి తీసి, గొంతు తగ్గించాడు. "అదే చెప్తాన. అందరు కలిసి కూసోని మాట్లాడుకున్నరు. యూనియన్ కట్టిండ్రు."

ఏమనాలి చెప్పండి! నేనూ నోరు మూసుకుని కాజా కుట్టుకున్నాను. అందరిదీ ఒకే తేడా వస్తే అందరినీ కొలిచేది ఏమిటని చూడాలి కదా. ఆ తెలివి నాకూ రాలేదు.

అప్పుడు ఎమర్జెన్సీ. దుకాణదారులంతా హడలిపోయి ఉన్నారు. మాస్టర్ ఒక కాగితం మీద ఫిర్యాదు రాయించి పంపితే, వారం తిరక్కుండా తూనికల ఆఫీసరు ఒకాయన పాణి కొట్టుకు వచ్చాడు. తన పెట్టెలోంచి ఇత్తడి కడ్డీ తీసి పాణి కడ్డీ పక్కన పెట్టాడు. మాస్టర్ ఒంగి, ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. రెండూ సమానం. వెంట్రుకంత తేడా లేదు. ఆఫీసరు మళ్లీ ముద్ర వేసి వెళ్లిపోయాడు. దుకాణాల్లో కడ్డీలకైతే ముద్ర వేసేవాళ్లున్నారు కానీ దర్జీ మెడలో టేపును ఎవరు అడుగుతారు? ఆయనా అడగలేదు. తిరిగి వస్తూ మాస్టర్ నాతో, "ఆఫీసర్ గుడ దాంట్లనే ఉన్నట్టున్నడు" అన్నాడు. నేను నెత్తి కొట్టుకున్నాను.

డెబ్భై ఏడులో మాస్టర్ ఆడవాళ్ల బట్టలు కూడా కుట్టడం మొదలుపెట్టాడు. ఇందులో ఒక చిక్కుంది. ఆయన పరాయి ఆడవాళ్ల ఒంటికి టేపు పెట్టడు. దుకాణం వెనకే ఇల్లు, మధ్యలో పూలగుడ్డ తెర. తెర అవతల ఆయన భార్య ఖతీజాబీ కొలిచి పైకి చెప్తుంది, ఇవతల ఈయన రాసుకుని గుడ్డ కత్తిరిస్తాడు. తన టేపు ఇవ్వడానికి మనసొప్పక ఖతీజాబీకి బజారులో కొత్త ప్లాస్టిక్ టేపు కొనిచ్చాడు.

ఖతీజా వదినె సంగతి చెప్పాలి. అప్పటిదాకా ఆ ఇంట్లో వంట, అంట్లు, ఈయన సణుగుడు, ఇంతే ఆమె బతుకు. టేపు చేతికొచ్చాక మనిషే మారిపోయింది. ఏ అమ్మాయికి ఎడమభుజం కాస్త దిగి ఉంటుందో, ఏ తల్లికి చంక దగ్గర వదులు కావాలో కంటితోనే పసిగట్టేది. ఆడవాళ్లు కొలతలకని వచ్చి గంటలు కూర్చునేవాళ్లు. "మల్లక్కా, నా చేతికి గుడ ఒక పని ఉన్నదని గిప్పుడే ఎరుకైంది," అని ఒకసారి నాతో అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూడాలి మీరు. ఈ కథలో నాకు ముఖ్యమైంది ఆ చెయ్యే. ఆ చేతికి పేరు వచ్చినట్టే వచ్చి పోయింది.

ఎందుకంటే, ఆడవాళ్ల బట్టలన్నీ వదులయ్యేవి. రవికలు, కుర్తాలు, చోలీలు అన్నీ అంతే. మగవాళ్ల చొక్కా అచ్చు గుద్దినట్టు కుదురుతుంది, ఆడవాళ్ల రవిక ఇంచు వదులవుతుంది. వాటిని మళ్లీ విప్పి లోపలికి కుట్టే చాకిరీ నాదే. దాంతో నా తల ప్రాణం తోకకొచ్చేది. మాస్టర్‌కు కొత్త అనుమానం పట్టుకుంది. తెర దగ్గర నిలబడి అరిచేవాడు.

"టేపు బిగించి పట్టు ఖతీజా! ముచ్చట్లు పెట్టుకుంట కొలుస్తానవా?"

"బిగించే పట్టిన. ముప్పై రెండు. మూడుపార్లు చూసిన."

"మూడుపార్లు తప్పు చూసినవ్."

తనైతే మూడుసార్లు సరైనట్టు! ఆమె చెప్పిన ప్రతి అంకెలోంచీ ఇంచు తీసేసి కత్తిరించడం మొదలుపెట్టాడు. అప్పుడు ఛాతీ దగ్గర కుదిరితే, చేతుల దగ్గర రక్తం ఆగిపోయేటంత బిగుతయ్యేది. చిన్న కొలతలో తేడా చిన్నగా, పెద్ద కొలతలో పెద్దగా ఉంటుందని ఆయనకు తట్టలేదు. ఆమె కావాలనే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ చెప్తోందని అనుమానించాడు. భద్రమ్మ అని మా వాడకట్టు ఆమె, బిగుతు రవిక వేసుకుని చేతులు దించలేక దుకాణం ముందు నిలబడి తిట్టిపోసింది. ఎవరిని అనుకున్నారు? ఖతీజాబీని.

ఎనభై ఒకటిలో ఖతీజాబీ అన్న బిడ్డ ఫాతిమా బేగం పెళ్లి వచ్చింది. అన్నా వదినెలు నెక్కొండలో ఉంటారు. పెళ్లిచోలీ ఇక్కడే కుట్టాలని తీర్మానం. ఖతీజాబీ ఆ పిల్లను తెర వెనక నిలబెట్టి కొలిచినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఊపిరి పీల్చమని ఒకసారి, వదలమని ఒకసారి, మామూలుగా నిలబడమని ఒకసారి. కాగితం మీద తనే రాసి, "ఇంచు తియ్యకుండ్రి, నా బిడ్డది, నేను చెప్పినట్టే కోయుండ్రి," అని తెర సందులోంచి అందించింది. ఆయన చెప్పినట్టే కోశాడు.

పెళ్లినాడు చోలీ పిల్ల ఒంటి మీద వేలాడింది. వీపున నాలుగు పిన్నీసులు పెట్టి, దుపట్టా కప్పి కూర్చోబెట్టారు. ఆడవాళ్లు గుసగుసలాడారు. ఆ గుసగుస మగవాళ్ల వైపు చేరింది, కరీం మాస్టర్ పేరు నలుగురి నోళ్లలో పడింది. పరువు పోయినట్టయింది ఆయనకు. పందిట్లో నిలబడి, అందరూ వినేట్టుగా కేకేశాడు.

"నా కోతల తప్పు లేదు! మొగోళ్ల బట్టలు కుడ్తాన, ఒక్కడన్న పేరువెట్టిండా? ఆమె చేతికి కొలత లేదు! ఆమె చెయ్యే తప్పుది!"

పెళ్లికొచ్చిన వాళ్లంతా ఖతీజాబీ వైపు తిరిగి చూశారు. ఆమె ఏడవలేదు. పుట్టింటివాళ్ల ముందర, తను ఎత్తుకుని పెంచిన పిల్ల పెళ్లిలో, తల దించుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక మాత్రం అడిగింది. నేను పక్కనే ఉన్నాను. "ఒక్కపారి మీ టేపు, నా టేపు పక్కపక్కన పెట్టి చూడుండ్రి. జర చూడుండ్రి, అంతే."

"ఉస్తాద్ టేపు మీద అనుమానపడ్తానవా?" అని ఆయన లేచాడు. "గీ టేపుతోటి కోసిన బట్ట మండిబజార్ల ఎవ్వనికన్న కుదరకపోయిందా? చెప్పు, కుదరకపోయిందా?"

నిజమే కదా అనుకున్నాను నేను కూడా. మగవాళ్ల బట్టలు అంత చక్కగా కుదురుతుంటే టేపు తప్పెలా అవుతుంది? నోరు తెరిచి ఆమె పక్షాన ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను దానికి. ఖతీజాబీ తన టేపును చుట్టి, సందూకులో బట్టల అడుగున పెట్టేసింది. "ఇగ మీ టేపు నేను ముట్ట, నా టేపు మీకు చూపియ్య," అంది. ఆడవాళ్ల కుట్టుపని ఆగిపోయింది. రెండేళ్లు ఆమె ఆ తెర దగ్గరికే రాలేదు.

ఎనభై మూడు వానాకాలంలో మాస్టర్‌కు టైఫాయిడ్ వచ్చింది. ఇరవై రోజులు మంచం దిగలేదు. అంతలో వెంకటేశ్వర్లు అని ఆర్టీసీ కండక్టరు, ఖాకీ చొక్కా అర్జెంటని నా ప్రాణం తీశాడు. ఉన్న ఒక్క చొక్కా చిరిగింది, డిపోలో తిడుతున్నారు అన్నాడు. సరే, మాస్టర్ టేపు గోడకు వేలాడుతోంది కదా, దొంగతనంగా తీసి నేనే కొలిచాను. ఛాతీ ముప్పై ఎనిమిది, మెడ పదిహేనున్నర. కత్తిరించడం నాకు రాదు. లోపలికి పోయి ఖతీజాబీని బతిమాలాను.

"కోస్త," అంది. "గని ఆయన టేపు ముట్ట." సందూకు తెరిచి తన టేపు తీసుకుంది. ఆమె కోసింది, నేను మిషన్ మీద కుట్టాను.

కండక్టరు వచ్చి వేసుకుంటే కాలర్ బొత్తం పట్టలేదు. పొట్ట దగ్గర గుడ్డ గుంజుకుపోయింది. "ఏందక్కా, నాకు ఊపిరాడుత లేదు," అన్నాడు. వెనక విడిచిన మార్జిన్ విప్పి ఎలాగో సర్ది పంపించాను. పంపాక కూలబడి ఆలోచించాను. పన్నెండేళ్లలో ఈ దుకాణంలో మగవాడి చొక్కా బిగుతవడం ఇదే మొదలు. ఆడవాళ్లవి వదులు, ఇది బిగుతు. ఆడవాళ్లను ఆమె టేపుతో కొలిచి, ఈయన టేపుతో కోశారు. కండక్టర్ని ఈయన టేపుతో కొలిచి, ఆమె టేపుతో కోశాం. మగవాళ్లను మాత్రం ఇన్నాళ్లూ కొలిచిందీ కోసిందీ ఒకే టేపుతో.

లేచి రెండు టేపులూ బల్ల మీద పక్కపక్కన పరిచాను. నాలుగైదు ఇంచుల దాకా తేడా తెలియలేదు. పోనుపోను గీతలు ఒకదాన్నుంచి ఒకటి జరిగిపోయాయి. ఆయన టేపు ముప్పై ఆరు పక్కన ఆమె టేపు దాదాపు ముప్పై ఏడు చూపిస్తోంది. మొత్తం పొడవులో ఆయనది ఇంచున్నర ఎక్కువ. ఓరి దేవుడా అనుకున్నాను. శుక్రవారాలన్నీ గుర్తొచ్చాయి. అన్నేళ్లు కత్తెర కట్టి వేలాడదీస్తే గుడ్డ సాగదా? సాగిన టేపుతో మనిషిని కొలిచి, అదే టేపుతో గుడ్డ కోస్తే అక్కడ తప్పు, ఇక్కడ తప్పు సమానమై బట్ట కుదురుతుంది. మూడుసార్లు కాదు, ముప్పైసార్లు కొలిచినా అదే తప్పు అంకె వస్తుంది.

రెండూ పట్టుకుని మంచం దగ్గరికి పోయాను. మాస్టర్ లేచి కూర్చుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆశపడ్డాను నేను, పిచ్చిదాన్ని.

"ఆమెది కుంచించుకపోయింది," అన్నాడు. "రెండేండ్ల సంది కలరా ఉండల మధ్యల పెట్టింది గదా. ప్లాస్టికాయె."

వలవల ఏడవాలో, పకపక నవ్వాలో తెలియలేదు. ఖతీజాబీ గుమ్మంలోనే ఉంది. వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయింది. ఆ పోవడం చూసి నాకు ఆగలేదు.

"లే అన్నా. ఏ టేపు తప్పో ఇయ్యాల తేలాలె. నీ కండ్ల ముంగట సర్కారోళ్లు పక్కన పెట్టి సమానమన్న కడ్డీ ఒక్కటే ఉన్నది గీ ఊళ్లె. అది పాణి దుకాణంల ఉన్నది. నడువు."

"వాని గడప నేను తొక్క."

"తొక్కకుంటె నేనే పోత. పోయి బజార్ల నిలబడి చెప్త, కరీం మాస్టర్ తన టేపు కొలిపియ్యనీకి భయపడ్తాండని."

ఆ మాట తగిలింది. రిక్షా పిలిపించాను. ఎనిమిదేళ్ల తర్వాత సారంగపాణి కొట్టు ముందు దిగాడు, దుప్పటి కప్పుకుని. పాణి కళ్లద్దాల్లోంచి చూసి, లేచి నిలబడ్డాడు. కొట్లో గిరాకీ లేదు. సగం అల్మారాలు ఖాళీగా ఉన్నాయి. నేను సంగతి చెప్పాను. పాణి ఇనుపకడ్డీ తుడిచి బల్ల మీద పెట్టాడు.

మీటరంటే ముప్పై తొమ్మిది ఇంచులు, మీద మూడు నూళ్లు, అంటే ఇంచులో ఎనిమిదో వంతులు మూడు. ఖతీజాబీ టేపు కడ్డీ కొసకు సరిగ్గా అక్కడికే వచ్చింది. మాస్టర్ టేపు పెడితే ముప్పై ఎనిమిదిన్నర కూడా రాలేదు.

మాస్టర్ కడ్డీ ఎత్తి ముద్ర చూశాడు. "గిది ఏ సాలు ముద్ర?" అన్నాడు. ఏ ఏడాది వేసిందో పాణి చెప్పాడు. తిప్పి పెట్టమన్నాడు, పాణి తిప్పి పెట్టాడు. పక్క దుకాణం కడ్డీ తెమ్మన్నాడు, నేను పోయి తెచ్చాను. ఎదుటి దుకాణం కడ్డీ తెమ్మన్నాడు, అదీ తెచ్చాను. మూడు కడ్డీలూ ఒకటే మాట చెప్పాయి. మాస్టర్ మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"మాఫ్ చెయ్ పాణీ," అన్నాడు. "ఎనిమిదేండ్లు నిన్ను దొంగ అన్న."

"అన్నవ్," అన్నాడు సారంగపాణి. ఆ మెత్తని మనిషి గొంతు గట్టిపడింది. "గిరాకి పోయింది. నీ దుకాణం ముంగట్నుంచి తలకాయ దించుకోని పోయిన. గని నాకు సర్కారు ముద్ర ఉండె, రాత్రి పండుకునేటప్పుడు నేను దొంగను కాదని నాకు ఎరుక. ఇంట్ల ఆమెకు ఏమున్నది కరీం భాయ్? ఆమెకు ఎవరు ముద్ర ఏసిండ్రు?"

ఇంటికొచ్చి తెర ఇవతల నిలబడి మాస్టర్ చెప్పాడు, మెల్లగా. తప్పు తన టేపుదేనని, పాణి కడ్డీ తేల్చిందని. తెర అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆ కడ్డీని దొంగది అన్నరు గదా మీరు, ఎనిమిదేండ్ల సంది?" అంది ఖతీజాబీ. "దొంగ కడ్డీ చెప్తె నమ్మిండ్రు. నేను చెప్తె నమ్మకపోతిరి."

నెలరోజులకు ఆడవాళ్ల పని మళ్లీ మొదలైంది, ఆమె పెట్టిన షరతు మీద. కొలిచేది ఆమే, కోసేది కూడా ఆమే. మాస్టర్ తన టేపు మడిచి ఎక్కడో పెట్టేసి, కొత్తది కొని పాణి కడ్డీ మీద సరిచూసుకుని మెడలో వేసుకున్నాడు. పాణి దగ్గరే బట్ట కొనమని గిరాకీలకు చెప్పాడు. ఆడవాళ్ల రవికలు కుదరడం మొదలైంది. అంతా సర్దుకుందనే అనుకున్నాను.

మరుసటేడు రంజాన్‌కు ముందు ఫాతిమా బేగం చంటిపిల్లనెత్తుకుని నెక్కొండ నుంచి వచ్చింది, తల్లీ, ఇద్దరు వదినెలూ తోడు. పండక్కి కుర్తా కుట్టించుకుంది. తెర వెనక వేసుకుని చూసుకుంటే ఒంటికి అతికినట్టు కుదిరింది. ఆ పిల్ల మేనత్తతో సంబరంగా అంది, పాపం ఏ దురుద్దేశం లేకుండానే.

"ఇప్పటికి నీ చెయ్యి కుదిరింది ఫుప్పూ! నా పెండ్లికి కుదరకపోయె గని."

వదినెలు నవ్వారు. చూశారా! పందిట్లో వందమంది ముందర గొంతెత్తి అన్న మాట, ఇంట్లో తెర పక్కన గొణిగితే చెరిగిపోతుందా? నెక్కొండలో ఆమె ఇప్పటికీ కొలత రాని మనిషే. నేను మాస్టర్ వైపు చూశాను. కోపంగానే చూశాను. మిషన్ ఆగింది. పరాయి ఆడవాళ్లున్నప్పుడు తెర వైపు తల కూడా తిప్పని మనిషి లేచి, తెరకు ఎదురుగా నిలబడి, బజారంతా వినేట్టు కేకేశాడు.

"ఆమె చెయ్యి ఎన్నడు తప్పు కాలే బిడ్డా! నీ పెండ్లికి ఆమె కొలిచిందే కరెక్టు. నా టేపు తప్పు. నేనే తప్పు. అందరి ముంగట అబద్ధం ఆడిన. పోయి మీ వాడకట్టు అంత చెప్పుండ్రి. మీరు చెప్పకుంటె నేనే నెక్కొండకు వచ్చి చెప్త!"

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. తెర అవతల నుంచి ఖతీజాబీ ఏడుపు వినిపించింది. పెళ్లిపందిట్లో కూడా కన్నీటిచుక్క రాల్చని మనిషి, చంటిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. నేను లేచి లోపలికి వెళ్లాను.